మడిమె పిట్ట నిలబడ్డ చోటు

పుస్తకాల్లో వాటిని ఉల్లంకులు అంటారని నాకు ఇరవై ఏళ్లు దాటాక గానీ తెలియలేదు. కోరుట్ల లైబ్రరీలో ఏదో పరీక్షకు చదువుకుంటూ, చదువు మీద మనసు లేక నిఘంటువు తిరగేస్తుంటే కనపడింది. ఉల్లంకి అంటే నీటి ఒడ్డున తిరిగే చిన్న పిట్ట అట. అంతే. ఏ నీరు, ఎంత లోతు, ఏ నెలలో వస్తుంది, ఒంటరిగా నిలబడుతుందా గుంపుతోనా, ఒక్క ముక్క లేదు. తోక ఊపేదాన్నీ, మెడలో నల్ల పట్టీ ఉన్నదాన్నీ, సూది మూతిదాన్నీ అన్నిటినీ ఒకే గంప కింద కమ్మేశారు. నాకు ఒళ్లు మండింది. మా బాపు చూసి ఉంటే ఆ రాసినాయన్ను మా చెరువు కట్ట మీదికి తీసుకుపోయి ఒక పూటంతా నిలబెట్టేవాడు.

మా ఇంట్లో ఆ పిట్టలకు వేరే పేర్లుండేవి. ఊరందరివీ కావు, మా ఇంటివి. బతుకమ్మ పండుగ వెళ్లిపోయి, చెరువు ఒడ్డు కొంచెం కొంచెంగా బయటపడే రోజుల్లో అవి వచ్చేవి. ఒడ్డున తడి మట్టి మీద నాలుగడుగులు ఉరికి, ఏదో మరిచిపోయినట్టు ఆగిపోయేది తడి పిట్ట. దాని మెడలోనే ఆ నల్ల పట్టీ. దానికంటే కాస్త లోపల, పలచటి నీళ్లలో గింజలు ఏరుతున్నట్టు ముక్కు పొడుస్తూ పోయేది మడిమె పిట్ట. అది నిలబడ్డ చోట మనం అడుగు పెడితే కాలు మడిమె దాకా దిగుతుంది. ఇంకొంచెం లోపల పిక్క పిట్ట. అన్నిటికంటే లోపల, ఎర్రటి పొడుగు కాళ్లతో, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకున్నట్టు నడిచేది మోకాలు పిట్ట.

ఈ పేర్లు మా బాపు సరదాకు పెట్టినవి కావు. ఆయన నీరడి. చెరువు తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూడడం నీరడి పని. మాకూ చెరువు కింద కొంచెం పొలం ఉండేది, మేమూ నాట్లు వేసి కోతలు కోసేవాళ్లమే, అయినా ఊళ్లో మమ్మల్ని రైతులని ఎవరూ అనేవారు కాదు. నీరడోళ్లనే అనేవారు. మా తాత నీరడి, ఆయన తండ్రీ నీరడి.

యాసంగికి, అంటే చలికాలపు రెండో పంటకు, నారు పోసే ముందు ఊరంతా నీరడిని ఒకటే ప్రశ్న అడుగుతుంది. ఉన్న నీళ్లు ఎన్ని మడులకు సరిపోతాయి? తూము దగ్గర గీతలు చెక్కిన రాయి ఉంది గానీ బాపు దాన్ని నమ్మేవాడు కాదు. కట్ట దగ్గర నీళ్లు ఎప్పుడూ నిండుగానే కనిపిస్తాయి, చెరువు నడుమ ఒండ్రు పేరుకుపోతే రాయి ఏం చెబుతుంది అనేవాడు. ఆయన తెల్లవారుతూనే కట్ట మీద కూర్చుని ఏ పిట్ట ఎక్కడ నిలబడిందో చూసేవాడు. చెరువు నడుమ మడిమె పిట్ట తిరుగుతోందంటే అక్కడ ఉన్నవి నీళ్లు కావు, బురద మీది తడి. మోకాలు పిట్ట తూముకు దగ్గరగా జరిగిందంటే కింది మడులకు ఈ ఏడు నీళ్లు లేవు. నాలుగైదు రోజులు అలా చూసి, ఇంత భూమి నాటండి అని చెప్పేవాడు. నాకు తెలిసి ఆయన లెక్క తప్పింది లేదు.

నన్ను వెంట తీసుకుపోయేవాడు. మా అవ్వకు అది ఇష్టం ఉండేది కాదు. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం. "ఆడపోరిని పొద్దుగాల్నే కట్ట మీదికి ఎందుకు తోలుకపోతవ్" అని గొణిగేది. "కండ్లు మంచిగున్నయే దీనికి, నాకంటె ముందుగాల్నే చూస్తది" అనేవాడు బాపు. అంతకంటే పెద్ద మెప్పు నా జన్మలో మళ్లీ ఎవరి దగ్గరా దొరకలేదు. క్లాసులో ఫస్టు వచ్చినప్పుడు కూడా ఇంత గర్వపడలేదు.

అవి అన్నల కాలపు రోజులు, నక్సలైట్లను మా దిక్కు అన్నలనే అనేవారు. దొరవాళ్లు తమ గడికి, ఆ కోటంత ఇంటికి, తాళం వేసుకుని జగిత్యాలకు వెళ్లిపోయారు. మా కట్ట రెండు దారుల మధ్య ఉండడంతో అన్నలూ దాని మీదే నడిచేవారు, పోలీసులూ దాని మీదే నడిచేవారు. ఇద్దరికంటే ముందు అక్కడ కూర్చుని ఉండేది మా బాపు. ఇద్దరూ ఒకటే అడిగేవారు, నిన్న ఈ దారిన ఎవరు పోయారు అని. "నేను పిట్టలను చూస్త, మనుషులను చూడ" అనేవాడు. నిజంగానే చూడడు కూడా. కానీ ఆ మాట నమ్మేది ఎవరు? మొదటిసారి స్టేషన్‌కు తీసుకుపోయి ఒక పూట ఉంచుకుని పంపారు. రెండోసారి మూడు రోజులు. తిరిగి వచ్చాక నెల రోజులు నేల మీద కూర్చోలేకపోయాడు. అన్నం కూడా నిలబడే తిన్నాడు.

అప్పుడు మా అవ్వ తీర్మానించింది. "బతికి ఉంటె బలుసాకు తినొచ్చు. దుబాయి పో" అంది. మా దిక్కున గల్ఫ్ దేశం ఏదైనా సరే దుబాయే. జగిత్యాలలో ఒక ఏజెంటు పాస్‌పోర్టు పని చూశాడు. పోయే రోజు బాపు పొద్దున్నే కట్ట దాకా వెళ్లి వచ్చాడు. ఏం చూసొచ్చాడో చెప్పలేదు, నేను అడగలేదు. అప్పటికి నాకు పదకొండేళ్లు.

ఆయన్ను సముద్రం ఒడ్డున చెత్త ఏరే పనిలో పెట్టారు. బాపుకు చదువు రాదు. రూములో సిరిసిల్ల నేతన్న ఒకాయన ఉండేవాడు, ఆయన ఉత్తరాలు రాసిపెట్టేవాడు. గుండ్రటి అక్షరాలు, గీత గీసినట్టు వరుసలు. రూములోని పది మంది వింటుండగా బాపు చెప్పాలి, ఆయన రాయాలి. ఇక్కడ అవ్వకూ చదువు రాదు. వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతూ వింటుంటే, పక్కింటివాళ్లు కూడా వచ్చి చేరితే, నేను పైకి చదవాలి. అలా అక్కడో గుంపు, ఇక్కడో గుంపు, మధ్యలో ఆ కాగితం. అందులో మొగుడు పెళ్లానికి ఏం చెప్పగలడు, పెళ్లాం మొగుడికి ఏం చెప్పగలదు? మా ఇద్దరికీ మాత్రం ఆ ఇబ్బంది లేదు. మాకు పిట్టలుండేవి.

రెండో ఉత్తరంలోనే రాయించాడు. "బిడ్డా, గీ నీళ్లకు తూము లేదు. పొద్దుగాల ఎనుకకు పోతయి, పగటీలి మల్ల అత్తయి. ఎవ్వలు ఇడుస్తున్నరో, ఎవ్వలు మూస్తున్నరో తెల్వది. గీడ నీరడి పని జెయ్యాల్నంటె పిచ్చి లేస్తది. ఒక్కటి మంచిగున్నది. మన పిట్టలు గీడ గూడ ఉన్నయి. కాకపోతే మడిమె పిట్ట ఒక్కతాన నిలవదు. నీళ్లు ఎనుకకు పోతుంటే ఎంబడి ఉరుకుతది, నీళ్లు మీదికత్తుంటే దొర్కకుంట ఇటు ఉరుకుతది. సిరిసిల్లాయన దీన్ని నాడె పిట్ట అంటున్నడు, మగ్గంల నాడె అటిటు ఉరికినట్టు ఉరుకుతున్నదని."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. బాపు సముద్రం ఒడ్డున ఉన్నాడని కాదు. మా పిట్టకు ఎవరో ఒక సిరిసిల్ల ఆయన పేరు పెట్టాడని. జవాబులో పెద్ద అక్షరాలతో రాశాను: మడిమె పిట్ట పేరు మార్చొద్దు. రాసిపెట్టే ఆయనే అది చదివి వినిపించాలని నాకు తట్టలేదు. తరువాతి ఉత్తరం చివర, బాపు చెప్పని వాక్యం ఒకటి ఉంది: "అమ్మా, పేరు వాపసు తీసుకున్న. ఇట్లు, రాసినవాడు." అది చదివి అవ్వ బాపు వెళ్లాక మొదటిసారి నవ్వింది.

అప్పటినుంచి ప్రతి ఉత్తరంలో పిట్టలు వచ్చేవి. ఉప్పునీటి బురదలో గొంతుకూర్చుని తినే దానికి ఏం పేరు పెడదాం? అలల మీద తేలి వచ్చినదాన్ని తినే తెల్లదానికి ఏం పేరు? వంట చేసే మలయాళీ ఆయన ఏదో పేరు చెప్పాడట గానీ మన అక్షరాల్లో రాయడం కుదరలేదట. "ఈ నెల గీడ తక్కువైనయి, మీ దిక్కు మర్లినయా?" అని అడిగేవాడు. నేను కట్ట మీదికి పోయి చూసేదాన్ని. ఒక్కో పొద్దు, ఎదురుగా బురదలో ఏరుకుంటున్న ఆ పిడికెడు పిట్ట మొన్ననే మా బాపు కాళ్ల పక్కనుంచి ఉరికి వచ్చి ఉంటుందని అనుకునేదాన్ని. దానికి నోరుంటే ఎంత బాగుండును అనిపించేది. ఆయన చిక్కిపోయాడా, ఎండకు నల్లబడ్డాడా, నా గురించి ఎవరికైనా చెబుతాడా అని అడగాలనిపించేది.

తూము సంగతి చెప్పాలి. బాపు వెళ్లేటప్పుడు ఊరి పెద్దలు కూర్చుని, ఆయన వచ్చేదాకా తూము పని మా ఇంట్లోనే ఉండాలని ఒప్పుకున్నారు. తెరిచేది, మూసేది మా అవ్వ. పిట్టలను చూసేది నేను. ఏ పిట్ట ఎక్కడ నిలబడిందో నేను రాస్తే, ఎంత భూమి నాటాలో బాపు చెప్పి పంపాలి. "మా నీరడి సముద్రానికి కావలి పోయిండు, మా చెరువుకు ఆయన బిడ్డ కావలి" అని ఊళ్లో ఎగతాళి చేశారు. చేసినా, మొదటి ఏడు ఆ లెక్క కుదిరింది. దీపావళికి ముందు నేను రాశాను, నారు పోసే నాటికి జవాబు వచ్చింది: కింది మడులు వద్దు. అలాగే చేశారు. పంట చేతికొచ్చింది. ఎగతాళి చేసినవాళ్లే మా వాకిట్లోకి వచ్చి "ఏం రాసిండు మీ బాపు?" అని అడగడం మొదలుపెట్టారు.

తూము తెరిచి మూసే తూము కర్ర మా ఇంట్లో మూలకు ఆనించి ఉండేది. అది ఉన్నంత కాలం బాపు తిరిగి వస్తాడని నా లెక్క. రావడానికి ఆయనకు ఇక్కడ ఒక పని ఉండాలి కదా. మా వాడలో దుబాయి పోయినవాళ్లు సెలవు మీద రావడం, ఇక్కడ ఏం తోచక రెండు నెలలకే మళ్లీ పోవడం చూస్తూనే ఉన్నాను. మా బాపు అలా కాకూడదు. ఆయన వచ్చేదాకా ఆ చోటు నేను కాపాడాలి. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని అవ్వ ఎప్పుడూ తిట్టేది, ఇదొక్కటి మాత్రం నానబెట్టుకున్నాను.

రెండో ఏడు బడిలో పోలీసు క్యాంపు పెట్టారు. ఒక పొద్దు నేను కట్ట మీద కూర్చుని ఉంటే ఒక కానిస్టేబులు నా వెనక వచ్చి నిలబడ్డాడు. చిన్నవాడే, మీసాలు కూడా సరిగా రాలేదు.

"ఏం లెక్కపెడుతున్నావు పాపా?" అన్నాడు.

"పిట్టలను."

"పిట్టలనా, మనుషులనా?"

నాకు భయమేసింది గానీ, భయపడితే నోరు ఎక్కువయ్యే రకం నేను. వేలు పెట్టి చూపించి అన్నిటి పేర్లూ చెప్పాను. తడి పిట్ట, మడిమె పిట్ట, పిక్క పిట్ట, మోకాలు పిట్ట. ఆయన తుపాకీ పక్కన పెట్టి కూర్చున్నాడు. "ఇవి మా ఊళ్లో కూడా ఉంటాయి. మాది సముద్రం పక్కన. వలలు లాగేటప్పుడు మా చుట్టూనే తిరుగుతాయి. మేం వీటిని ఇసక పిట్టలంటాం, అన్నిటికీ ఒకటే పేరు" అన్నాడు. నాకు అప్పుడే ఒళ్లు మండాల్సింది గానీ ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. ఇల్లు గుర్తొచ్చిన ముఖం నాకు తెలుసు, అద్దంలో రోజూ చూసేదాన్నే.

లేచి వెళ్తూ, "పొద్దున్నే ఇటు రావద్దు పాపా. మసక వెలుతురులో వచ్చేది ఎవరో మాకు తెలియదు. అవతలివాళ్లకూ తెలియదు" అన్నాడు.

నేను మానలేదు. పైగా ఆ సంగతంతా గొప్పగా ఉత్తరంలో రాశాను. పోలీసు కూడా నా దగ్గర పేర్లు నేర్చుకున్నాడని, మసకలో రావద్దన్నాడని, నేను భయపడలేదని. దాంతో పాటే పిట్టల సంగతి కూడా రాశాను, దాచుకోలేదు. మడిమె పిట్టలు చెరువు నడిమి రాతిగుండు దాటి లోపలికి పోయాయని, నిరుటి కంటే చాలా లోపల తిరుగుతున్నాయని రాశాను.

జవాబు వచ్చిన రోజు మా వాకిట్లో ఆరేడుగురున్నారు. ఊరి పెద్దమనిషి అరుగు మీద, ఆయన పక్కన వరసకు కాక, అంటే బాబాయి, అయ్యే ఒకాయన. ఆ కాకకు కింది మడుల్లో పొలం. మంచివాడు, మాట మీద నిలబడే మనిషి. అవ్వ బీడీ ఆకుల చాట పక్కకు పెట్టింది. కవరు చింపాను. ఎప్పుడూ పైకి చదివే ముందు కళ్లతో ఒక వరుస ముందుకు పోవడం నాకు అలవాటు. ఆ రోజు కళ్లు పోయాయి గానీ నోరు రాలేదు.

"బిడ్డా, నువ్వు కట్ట మీదికి పోకు. పిట్టలు అద్దు, ఏమద్దు. నువ్వు మంచిగుంటె నాకు చాలు. తూము కాకకు ఇచ్చెయ్యుండ్రి. ఎంత నాటాల్నో ఆయన్నే చూసుకోమనుండ్రి. నేనచ్చినంక మల్ల నాకు ఇస్తడు, ఆయన మాట తప్పెటోడు కాదు. రెండు ఎండకాలాలు పోతె నేనత్త."

అందులో రెండు ఎండాకాలాలు అన్న మాట నాకు కనపడలేదు. మాట తప్పనివాడన్నదీ కనపడలేదు. తూము ఇచ్చెయ్యుండ్రి. అదొక్కటే కనపడింది. బాపు రాడు, రావాలని ఆయనకు లేదు, ఆ నాడె పిట్టలతోనే ఉండిపోతాడు అనుకున్నాను.

"ఏం రాసిండే?" అంది అవ్వ.

నేను చదివాను. కాగితం వైపే చూస్తూ, ఎక్కడా తడబడకుండా చదివాను. "తూము మనతాన్నే ఉండాలె. ఎవ్వలకు ఇయ్యద్దు. నేను జల్ది అత్త."

"నీళ్ల ముచ్చట?" అన్నాడు పెద్దమనిషి.

కాగితంలో నీళ్ల ముచ్చట లేదు. నాకు మాత్రం తెలుసు. ఆ పొద్దున కూడా మడిమె పిట్టలు రాతిగుండు అవతలే ఉన్నాయి. సగం భూమికి కూడా కష్టమే. కానీ సగమే అంటే కింది మడులవాళ్లు మొహం మాడ్చుకుంటారు, నిరుడు కూడా మాకే నష్టం కదా అంటారు, తూము వేరేవాళ్లకు ఇద్దాం అని ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. పన్నెండేళ్ల పిల్లకు ఊరి రాజకీయం ఇంత తెలుసా అంటే, తెలుసు. చెరువు కింద పుట్టినవాళ్లకు తెలుస్తుంది.

"నీళ్లు మస్తున్నయట. పైమడి కిందిమడి అన్ని నాటుమన్నడు."

కాక నా వైపు చూశాడు. "నిరుటి కంటె తక్కువనే కనవడుతున్నయి కదనే?"

"పిట్టలు చూసి నేను రాసిన, గది చూసి బాపు చెప్పిండు" అన్నాను. నాలుకకు నరం లేదంటారు, నిజమే. కాక ముఖం విప్పారింది. ఆయన కింది మడి రెండేళ్లుగా నాటు పడక పడావు ఉంది మరి. అందరూ లేచిపోయాక అవ్వ ఆ కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా కాసేపు చూసి, కళ్లకద్దుకుని నాకిచ్చింది. నేను దాన్ని లెక్కల పుస్తకం అట్టలో పెట్టాను.

బాపుకు జవాబు నేనే రాయాలి కదా. తూము కాకకు ఇచ్చేశాం, నేను కట్ట మీదికి పోవడం లేదు అని రాశాను. ఇక్కడ జరిగింది నేను అప్పుడు ఊహించనిది. నేను కట్ట మీదికి పోవడం లేదని తెలిశాక ఆయన పిట్టల గురించి రాయించడం మానేశాడు. అవ్వ ఆరోగ్యం ఎట్లుంది, నువ్వు మంచిగ చదువు, గేదె ఈనిందా. అంతే ఉండేది. కాగితం నాలుగు పక్కలా పిట్టల కోసం వెతికేదాన్ని, చివరి వరుస కింద రాసిపెట్టే ఆయన ఏమైనా కలిపాడేమో చూసేదాన్ని. ఆయన కూడా ఏమీ కలపలేదు. బాపు వెళ్లిన రోజు కంటే ఆ ఉత్తరాలు వచ్చిన రోజుల్లో ఆయన ఎక్కువ దూరం పోయాడు.

ఊరంతా నాట్లు వేసింది. మాఘం దాకా పచ్చగానే ఉంది. శివరాత్రి దాటాక నేను రోజూ కట్ట మీదికి పోయి పిట్టలను బతిమాలుకున్నాను, ఒడ్డుకు రమ్మని. అవి నా మాట ఎందుకు వింటాయి? తడి పిట్టలు రాతిగుండు దాకా వచ్చేశాయి. పంట పొట్ట మీదున్నప్పుడు తూములోనుంచి నీళ్లకు బదులు బురద వచ్చింది. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు మోశారు. బిందెలతో ఎంత తడుస్తుంది? కింది మడులు ముందు ఎండాయి, తరువాత పైవీ ఎండాయి. ఆ పైరును పశువులకు కోసుకుపోయారు.

అరుగు మీద కూర్చున్న పెద్దమనిషే వాకిట్లో నిలబడి అన్నాడు. "మీ ఆయన గాడ సముద్రం పొంటి కూసొని మా నోట్ల మన్ను కొట్టిండు." కాక తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆయన ఏదైనా అని ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది. తూము కర్ర తీసుకుపోయి చెరువు అవతలి పక్కవాళ్లకు ఇచ్చారు. అది ఇక వాళ్ల ఇంటిదే అని పంచాయతీలో చెప్పారు. మా అవ్వ ఆ మూలను చూసి ఒకటే అంది: "పోయినోని కండ్లు గూడ పోయినయా ఏంది? ఎన్నడు లెక్క తప్పని మనిషి." ఆమె ఆయన మీద నమ్మకం పోగొట్టుకోవడం నేను కళ్లారా చూశాను. అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. రెండు దెబ్బలతో తీరిపోయే తప్పును అంత దూరం తెచ్చుకున్నాను.

"నువ్వు చెప్పిన మాటకు ఊరు మునిగిందని రాయి" అంది. నేను కూర్చుని రాశాను, పంట మంచిగ వచ్చిందని.

రెండు ఎండాకాలాలు పోయాయి, బాపు రాలేదు. కంపెనీ ఇంకో రెండేళ్లు ఉండమంది, ఉంటున్నాను అని రాయించాడు. ఆయన వచ్చేసరికి నేను కోరుట్లలో ఇంటరు చదువుతున్నాను. గడ్డం నెరిసింది, మాట తగ్గింది. రెండు నెలల సెలవు. మొదటి రోజు పొద్దున్నే లేచాడు, వాకిట్లో నిలబడ్డాడు, మళ్లీ లోపలికి వచ్చి కూర్చున్నాడు. రెండో రోజూ అంతే. ఊళ్లోకి పోతే ఎదురైనవాళ్లు పలకరించేవారు గానీ ఎవరూ ఆగేవారు కాదు. కట్ట వైపు ఆయన ఒక్కసారి కూడా పోలేదు.

పదో రోజో పన్నెండో రోజో, అవ్వ బీడీల కార్ఖానాకు పోయిన మధ్యాహ్నం, నేను లెక్కల పుస్తకం అట్ట విప్పి ఆ ఉత్తరం ఆయన ముందు పెట్టాను. ఆయనకు చదువు రాదని తెలిసీ పెట్టాను. నోటితో చెప్పాల్సి వచ్చింది. ఏం రాయించాడో, నేనేం చదివానో, ఎందుకు చదివానో అంతా చెప్పాను. ఏడుపులో సగం మాటలు మింగేశాను.

"నాకెరికే" అన్నాడు.

నేను తలెత్తాను.

"మనూరాయన ఒకడు పనికచ్చిండు గాడికి. అచ్చిన్నాడే నా అంగి వట్టుకున్నడు. గట్లెట్ల రాసినవు, అన్ని నాటుమని ఎట్ల చెప్పినవు అని. నేను గట్ల రాపియ్యలేదు కదా. అప్పుడే సమజైంది."

"మరి నువ్వేమన్నవు?"

"నేనే రాసిన, తప్పైంది అన్న."

ఆయన రాకపోవడానికి కారణం కంపెనీ కాదని అప్పుడు అర్థమైంది. ఎండబెట్టిన ఊళ్లోకి ఏ ముఖంతో వస్తాడు? "నన్ను తిట్టు బాపు" అన్నాను. ఆయన ఆ కాగితాన్ని తీసుకుని, నేను చదివి వినిపించినట్టే, ఎదురుగా పెట్టుకుని చూశాడు.

"సిరిసిల్లాయనకు చెప్పి రాపిచ్చింది ఒకటి, నా మనసుల ఉన్నది ఒకటి బిడ్డా. తూము మనతాన్నే ఉండాలె, నేను జల్ది అత్త. గీ రెండు ముక్కలు నా నోటి దాంక అచ్చినయి ఆనాడు. పది మంది కూసున్నరు. నువ్వు పొద్దుగాల కట్ట మీద ఉంటవన్న భయానికి మింగిన. నేను మింగింది నువ్వు చదివినవు."

కాగితం మడిచి నా చేతికిస్తూ, "నీళ్ల ముచ్చట ఒక్కటే తప్పు చెప్పినవు" అన్నాడు. అది నవ్వుతూ అన్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఊరందరి ముందు చెబుతానన్నాను. వద్దన్నాడు. ఈ ఊళ్లో నువ్వు ఉండాలె, నేను పొయ్యెటోన్ని అన్నాడు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. సెలవు అయిపోగానే వెళ్లిపోయాడు. ఆ తరువాత రెండు మూడుసార్లు వచ్చాడు, ప్రతిసారీ రెండు నెలలకే పోయాడు. చివరికి అక్కడే కన్నుమూశాడు. అవ్వ కూడా ఆయన లెక్క తప్పాడనే నమ్మకంతోనే పోయింది. మా ఊళ్లో ఇప్పటికీ నీళ్లు తక్కువైన ఏడు ఎవరో ఒకరు అంటారు, ఆ సముద్రం కాడి నీరడి లెక్క కాకుంటే సరి అని.

బాపుకు వేసిన ఒట్టు ఈ రోజు తీసి గట్టు మీద పెడుతున్నాను. ఆ ఉత్తరంలో అలా లేదు. మా బాపు లెక్క తప్పలేదు.